నూనె అమ్మేవాడు చెప్పే దినచర్య

వానలు వెనకపట్టి ఎండ చుర్రుమని కాసే ఆ నెలా నెలన్నరా, ఒంటికి రాసుకునే నూనె తగ్గించి కొనమని మా గానుగకి వచ్చినవాళ్లకి నేనే చెబుతాను. మా ఆవిడకి ఈ మాట అస్సలు గిట్టదు. "గిరాకీని తరిమేసుకునే షావుకారుని మిమ్మల్నే చూశాను" అంటుంది. ఎందుకలా అంటానో చెప్పాలంటే పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ చెప్పుకురావాలి.

మాది విజయనగరం జిల్లా గజపతినగరం పక్కన, చంపావతి ఏటికి ఇవతల, నువ్వుల గానుగ. తాత రోజుల్లో ఎద్దు తిరిగేది, ఇప్పుడు మోటారు తిప్పుతోంది. రోలూ రోకలీ మాత్రం కర్రవే. మా నాన్న దగ్గర తెలుగు తాత్పర్యం ఉన్న అష్టాంగహృదయం, వాగ్భటుడు రాసిన ఆయుర్వేద గ్రంథం, ఒకటి ఉండేది, అట్టలూడిపోయి, నిండా నూనె మరకలతో. అందులో మొదటి భాగం సూత్రస్థానం. దాని రెండో అధ్యాయం దినచర్య, అంటే రోజూ చేసుకోవాల్సినవి, మూడోది ఋతుచర్య, అంటే ఋతువుని బట్టి మార్చుకోవాల్సినవి. పుస్తకం మొత్తంలో ఆ రెండు అధ్యాయాల కాగితాలే బాగా నలిగాయి. నేను వైద్యుణ్ని కాను. ముప్పై ఏళ్లుగా ఆ రెండు అధ్యాయాలనీ మా ఊరి ఎండకీ వానకీ సరిపెట్టుకుంటూ వస్తున్నవాణ్ని. పైగా నూనె అమ్ముకు బతికేవాణ్ని, కాబట్టి నూనె గురించి నేను చెప్పేదాంట్లో రూపాయికి పావలా తగ్గించుకుని వినండి.

ముందు లేవడం. బ్రాహ్మీ ముహూర్తం అనగానే అందరూ నాలుగున్నర అంటారు. దానికి గడియారంలో స్థిరమైన చోటు లేదు. ముహూర్తం అంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై, 48 నిమిషాల ముందు అయిపోతుంది. మా వైపు జూన్ మొదట్లో 5.20కే సూర్యుడు పైకొచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర చేస్తాడు. అంటే జూన్‌లో మూడూముప్పావు, జనవరిలో ఐదుకి కాస్త ముందు. మూడూముప్పావుకి లేవమంటున్నానా? లేదు. వాగ్భటుడు చెప్పింది స్వస్థుడికి. ఒంట్లో బాగోనివాడూ, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడూ, చంటిపిల్లల తల్లీ ఆ లెక్కలోకి రారు. నేను ఏడాది పొడుగునా తెల్లారడానికి గంట ముందు లేస్తాను. వేసవిలో తగ్గిన నిద్ర మధ్యాహ్నం తీర్చుకుంటాను. పగటినిద్రకి పుస్తకం ఒప్పుకునే ఋతువు అదొక్కటే.

లేవగానే ఫోను ముట్టుకోకుండా మంచం మీదే ఒక్క సంగతి చూసుకోవాలి: రాత్రి తిన్నది అరిగిందా? త్రేన్పు వస్తే అందులో రాత్రి కూర వాసన రాకూడదు. ఒళ్లు తేలిగ్గా ఉండాలి, విరేచనం దానంతటది రావాలి, కాసేపటికి ఆకలీ దాహమూ వెయ్యాలి. ఈ గుర్తులుంటే మిగతా దినచర్య అంతా చేసుకోవచ్చు. లేకపోతే ఆ పూట నూనె వద్దు, నడక వద్దు, టిఫిను అసలే వద్దు. శొంఠి వేసి కాచిన నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగుతూ ఆకలి వేసేదాకా ఆగడమే. ఈ ఒక్కటీ పట్టుబడితే సగం పని అయిపోయినట్టే. అయినా జనం దీన్ని వదిలేసి పొద్దున్నే నీళ్లు తాగడానికి రాగిచెంబు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు.

విరేచనం ముక్కి రప్పించకూడదు, వచ్చినదాన్ని ఆపకూడదు. ఆపకూడనివి పదమూడని, ఇంకో పాత వైద్యగ్రంథం చెప్పిన చరకుడి లెక్క: అపానవాయువు, మూత్రం, మలం, శుక్రం, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దాహం, కన్నీరు, నిద్ర, పనిచేసినప్పుడు వచ్చే ఆయాసం. కన్నీళ్లని కూడా ఆ జాబితాలో పెట్టినవాడి మీద నాకు గౌరవం.

పళ్లు. పన్నెండు అంగుళాల పుల్ల, చిటికెనవేలు లావు, కొస నమిలి కుంచె చేసుకోవాలి. ఇక్కడ అంగుళం అంటే మన వేలి వెడల్పు, స్కేలు మీది ఇంచీ అనుకుంటే కర్ర పట్టుకుని నిలబడ్డట్టుంటుంది. కానుగ, మద్ది, మర్రి, చండ్ర, జిల్లేడు ఆ పుస్తకంలో ఉన్నవి, వేప మన అలవాటు. జిల్లేడు జోలికి పోకండి, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. నేను వారానికి రెండు రోజులు కానుగ పుల్ల, మిగతా రోజులు మామూలు బ్రష్షే. జ్వరం, వాంతులు, దగ్గు, నోటిపూత ఉన్నప్పుడు పుల్ల వద్దని పుస్తకంలోనే ఉంది. నాలుక మాత్రం రోజూ బద్దతో గీసుకోవాలి. గీసేముందు అద్దంలో చూడండి. తెల్లగా మందంగా పాచి కట్టి ఉంటే రాత్రి భోజనం ఆలస్యమైందనో ఎక్కువైందనో అర్థం. తర్వాత ఒక చెంచా నువ్వులనూనె నోట్లో పోసుకుని, బుగ్గలు నిండి కళ్లు చెమర్చేదాకా ఉంచి ఉమ్మెయ్యాలి. పెరట్లో ఉమ్మండి, సింకులో ఉమ్మితే గొట్టం పూడుకుపోతుంది.

ఇక నూనె. నాకు నోరు ఊరుకోని చోటు ఇదే.

ముందు కొనడం. పది కిలోల నువ్వులు ఆడితే నాలుగు కిలోల నూనె వస్తే మంచి గింజ అని లెక్క, చాలాసార్లు అంతకన్నా తక్కువే వస్తుంది. అంటే కిలో నూనెకి తక్కువలో తక్కువ రెండున్నర కిలోల నువ్వులు కావాలి. మీ ఊళ్లో కిలో నువ్వుల ధర కనుక్కోండి, రెండున్నరతో గుణించండి. తెలకపిండి అమ్మితే గానుగవాడికి కొంత తిరిగొస్తుంది, అది తీసెయ్యండి. అప్పటికీ నూనె ధర అంతకన్నా బాగా తక్కువగా ఉంటే అందులో నువ్వులు ఒక్కటే లేవు. సీసాకి అంటించిన కాగితం మీద ఏ బొమ్మ ఉన్నా సరే. రెండోది మడ్డి. కొత్తగా ఆడిన నూనె మబ్బుగా ఉంటుంది. గానుగలో నాలుగు చుక్కలు నీళ్లు చిలకరిస్తే గానీ నూనె విడదు, ఆ చెమ్మా ఈ పిప్పీ కలిసి అడుగుకి దిగడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పైన తేరిన నూనె వంచుకుని, గాజు సీసాలో పోసి, వెలుతురు తగలని చోట పెట్టుకోండి. అడుగు మడ్డిని పారెయ్యకుండా కాళ్ల పగుళ్లకి వాడతాం మేము.

కాచడం. గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో నూనెగిన్నె కూర్చోబెడితే చాలు. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంటే వెచ్చగా అనాలి, చురుక్కుమనకూడదు. ఒంటికంతటికీ మూడు నాలుగు పెద్ద చెంచాలు సరిపోతాయి. కారిపోయేలా పోసుకున్నది పంచెకీ నేలకీ పోతుంది. నాకు లాభమే గానీ మీకు దండగ.

రాయడం. చేతులకీ కాళ్లకీ పైనుంచి కిందికి పొడుగ్గా, మోకాళ్లు మోచేతులు భుజాల దగ్గర గుండ్రంగా, పొట్ట మీద బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు, మెత్తగా. పావుగంట. మర్దన అంటే ఎముకలు విరవడం కాదని మా అబ్బాయికి ఇప్పటికీ చెబుతుంటాను. రోజూ ఒళ్లంతా కుదరనివాళ్లకి తల, చెవులు, అరికాళ్లు ఈ మూడూ చాలు. వీటికి ప్రత్యేకించి రాసుకోమనే శ్లోకం. మాడు మీద గోరువెచ్చగా కూడా అక్కర్లేదు, మామూలు నూనే మంచిది. చెవుల వెనకా తమ్మెలకీ రాసుకోండి. చెవి కారేవాళ్లూ, కర్ణభేరి చిల్లుపడ్డవాళ్లూ చెవిలో చుక్కలు వేసుకోకూడదు. చంటిపిల్లల చెవుల్లో ముక్కుల్లో నూనె పొయ్యడం మా అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. అది ఆపండి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే బిడ్డకి న్యుమోనియా వస్తుంది. పెద్దవాళ్లయినా చిటికెనవేలు నూనెలో ముంచి ముక్కు లోపల ఊరికే అద్దుకుంటే సరిపోతుంది.

ఎప్పుడు రాసుకోకూడదో నేను పడి నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ల కిందట చీపురుపల్లిలో పెళ్లి. రాత్రి పదకొండింటికి భోజనం, గుత్తివంకాయ, బూరెలు, పైన గెడ్డపెరుగు. మర్నాడు శనివారం, శనివారం తలంటు తప్పకూడదు కదా. కడుపు రాయిలా ఉన్నా నూనె పెట్టేసుకున్నాను. పది గంటలకల్లా తల బద్దలైపోతోంది, వాంతులు, సాయంత్రానికి చలిజ్వరం. నాలుగు రోజులు మంచం దిగలేదు. మా అమ్మ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, "తిన్నది అరక్కుండా నూనెట్టుకున్నావేటిరా? పొయ్యిలో పచ్చికట్టె తోసినట్టు" అంది. తరవాత పుస్తకం తీసి చూస్తే అదే ఉంది: అజీర్ణం ఉన్నవాడికీ, కఫం పట్టినవాడికీ, వమన విరేచనాలు, అంటే మందిచ్చి వాంతులో విరేచనాలో, చేయించుకున్నవాడికీ అభ్యంగం, అంటే ఒంటికి నూనె, వద్దని. జ్వరంలోనూ వద్దు. అంతకుముందు ఆ పేజీ పదిసార్లు చదివి ఉంటాను.

నూనె వదిలించడానికి ఒంటికి నలుగుపిండి, తలకి కుంకుడుకాయ. మా ఇంట్లో పిండికి పెసలు రెండు పాళ్లు, శనగపప్పు ఒకటి, బియ్యం ఒకటి, గుప్పెడు మెంతులు, కాసిని కచ్చూరాలు. వేడినీళ్లు మెడ కిందికే. తల మీద వేడివేడిగా పోసుకుంటే జుట్టుకీ కళ్లకీ చేటన్నారు, గోరువెచ్చన దాటనివ్వకండి.

వ్యాయామానికి కొలత సగం బలం. నుదుటి మీదా ముక్కు మీదా చంకల్లో చెమట పట్టి, నోరు ఎండడం మొదలైతే సగం బలం అయిపోయిందని గుర్తు. చలికాలంలోనూ వసంతంలోనూ ఆ సగం, వేసవిలో వానల్లో అంతకన్నా తక్కువ. నాకు చలికాలంలో చంపావతి వంతెన దాటి వెనక్కి రావడం, మేలో వంతెన మొదటిదాకా. అంతే.

భోజనం గురించి రెండే మాటలు. పొట్టలో రెండు పాళ్లు అన్నం కూరలు, ఒక పాలు చారు మజ్జిగ నీళ్లు, ఒక పాలు ఖాళీ. ఇక పెరుగు రాత్రిపూట వద్దు. చరకుడూ అదే అన్నాడు, వాగ్భటుడూ అదే అన్నాడు, వేడిచేసీ తినొద్దన్నారు, వసంతంలో ఎండాకాలంలో శరత్తులో తగ్గించమన్నారు. వేసవిలో పెరుగు వద్దంటే మా ఇంట్లో యుద్ధమే. పెరుగు వేరు, చిలికి వెన్న తీసిన మజ్జిగ వేరు. మేము పడిన రాజీ ఇదీ: రాత్రికి పల్చటి మజ్జిగ, పగలు పెరుగు, అదీ చలికాలంలో గెడ్డగా, మిగతా రోజుల్లో కవ్వం పెట్టి.

ఇప్పుడు ఋతువులు. పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, శ్రావణ భాద్రపదాలు వర్షం, ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు, మార్గశిర పుష్యాలు హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. వాగ్భటుడి లెక్కా ఇదే. దీన్ని అక్షరాలా పాటిస్తూ నేను చాలా ఏళ్లు తికమకపడ్డాను. వైశాఖంలో మా ఊళ్లో కాకులు కూడా నీడ వెతుక్కుంటాయి, పుస్తకంలో ఇంకా వసంతం. ఆషాఢంలో ముసురు పట్టి గోడలు చెమరుస్తాయి, పుస్తకంలో గ్రీష్మం, చల్లటి పానకాలు తాగమంటుంది. శరత్తంటే తేటాకాశం, పండువెన్నెల. మాకు ఆశ్వయుజం అంటే తుపాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు విరుచుకుపడింది. రెండూ ఆశ్వయుజ మాసంలోనే.

ఈ చిక్కు విప్పింది ఇంకో పాత ఆయుర్వేద గ్రంథకర్త సుశ్రుతుడు. ఆయన మామూలు లెక్కతో పాటు ఇంకో లెక్క కూడా ఇచ్చాడు: ఫాల్గుణ చైత్రాలు వసంతం, వైశాఖ జ్యేష్ఠాలు గ్రీష్మం, ఆషాఢ శ్రావణాలు ప్రావృట్టు అంటే తొలివానలు, భాద్రపద ఆశ్వయుజాలు వర్షం, కార్తీక మార్గశిరాలు శరత్తు, పుష్య మాఘాలు హేమంతం. శిశిరాన్ని తీసేసి వానల్ని రెండు ఋతువులు చేశాడు. గంగకి దక్షిణాన వానలెక్కువ కాబట్టి ఈ లెక్క, ఉత్తరాన చలెక్కువ కాబట్టి ఆ లెక్క అని వ్యాఖ్యాతలు సర్దిచెప్పారు. మన ఉత్తరాంధ్రకి ఇది చొక్కా కొలిచి కుట్టినట్టుంది. అప్పటినుంచీ నేను నెల పేరు చూడడం మానేసి ఆకాశం చూస్తున్నాను. ముసురుంటే వర్షచర్య. మబ్బు విడిచి ఎండ చుర్రుమంటే శరత్తు, అది అక్టోబరులో రెండు వారాలే ఉండనీ. మళ్లీ వాయుగుండం పడితే మళ్లీ వర్షచర్యే.

వానల రోజులే జాగ్రత్తగా గడపాల్సినవి. ఎండాకాలమంతా కూడుకున్న వాతం అప్పుడు విజృంభిస్తుంది, జఠరాగ్ని ఏడాది మొత్తంలో అప్పుడే మందం. కీళ్లు పట్టేసినవాళ్లు మా గానుగకి ఎక్కువగా వచ్చేది శ్రావణంలోనే. నూనె వెచ్చగా రోజూ రాసుకోవచ్చు. ఏడాది దాటిన పాత బియ్యం, కాచిన నీళ్లు, కాస్త పులుపు, ఉప్పు, నెయ్యి. చద్దన్నం, తరవాణి కట్టెయ్యాలి. పగలు నిద్రపోతే ఒళ్లు బరువెక్కి రాత్రి ఆకలి చచ్చిపోతుంది. ముసురు పూట మా ఇంట్లో ఉలవకట్టు ఉండాల్సిందే. గిద్దెడు ఉలవలు రాత్రి నానేసి, పొద్దున్న నాలుగింతల నీళ్లలో మెత్తగా ఉడికించి, కట్టు వంచుకోవాలి. ఆ కట్టులో చిన్న ఉసిరికాయంత చింతపండు పిసికి, దంచిన మిరియాలూ వెల్లుల్లీ వేసి మరిగించి, నువ్వులనూనెలో జీలకర్ర ఇంగువ పోపు పెడితే అయిపోయింది. ఉడికిన ఉలవలు పక్కింటి ఎద్దులకి. వేడన్నంలో ఇది పోసుకుంటే ముక్కు కారి, నుదురు చెమర్చి, గంటలో మళ్లీ ఆకలేస్తుంది. ఉలవలు వేడి చేస్తాయి. మూత్రంలో మంట ఉన్నవాళ్లు తాగకూడదు, ఎండ చుర్రుమన్న రోజు నుంచీ ఎవరైనా ఆపెయ్యాలి.

ఎందుకంటే ఆ ఎండే అసలు కథ. వానల్లో చల్లబడి పులిసి లోపల చేరిన పిత్తం, ఒక్కసారి ఎండ తగలగానే పొంగుతుంది. ఛాతీలో మంట, కళ్లెర్రబడడం, ఒంటిమీద దద్దుర్లు, ఊరికే కోపం. మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడ్డానికి విజయనగరం వెళ్లొచ్చినవాళ్లు తలనొప్పితో పడుకుంటారు, దిష్టి అంటారు. దసరా తర్వాత వచ్చే మంగళవారం, మిట్టమధ్యాహ్నం జనంలో, ఖాళీకడుపుతో నిలబడితే దిష్టి ఒక్కటేనా తగిలేది? అప్పుడు కావలసినవి చేదు, తీపి, వగరు. కాకరకాయ, పొట్లకాయ, పెసరకట్టు, పాత బియ్యం, నెయ్యి, ఉసిరికాయ. తగ్గించాల్సినవి పెరుగు, పులుపు, కారం, నూనె. నువ్వులనూనె ఉష్ణం, పిత్తాన్ని ఎగదోస్తుంది. అందుకే ఆ రోజుల్లో ఒంటికి కొబ్బరినూనె పల్చగా రాసుకోమంటాను, లేదా ఏదీ వద్దంటాను. దీపావళి నరకచతుర్దశి తలంటు మాత్రం ఉండనివ్వండి. ఒక్కరోజుకి పిత్తం కూడా పండగ చేసుకుంటుంది. పగలు ఎండకీ రాత్రి వెన్నెలకీ పెట్టిన నీళ్లని హంసోదకం అంటారు. మా అమ్మ మేడమీద బిందె పెట్టి పల్చటి గుడ్డ కట్టేది. నేనూ పెడతాను, కాకపోతే ముందు కాచి చల్లార్చిన నీళ్లు.

చలికాలం సుఖం. ఆకలి బాగా వేస్తుంది, తిన్నది అరుగుతుంది, నూనె రోజూ రాసుకోవచ్చు. నువ్వులు, మినుములు, బెల్లం, కొత్త బియ్యం, పాలు, మాంసం తినేవాళ్లకి మాంసరసం అన్నీ అప్పుడే. చిమ్మిలి, సున్నుండలు, సంక్రాంతి పోకుండలు, నువ్వులద్దిన అరిసెలు ఎవరో ఋతుచర్య చదివి పెట్టిన పిండివంటల్లా ఉంటాయి. అప్పుడు ఉపవాసాలు పెట్టుకోకండి. మండే పొయ్యికి కట్టె దొరక్కపోతే గిన్నెనే మాడుస్తుంది.

వసంతంలో చలికాలపు కఫం కరుగుతుంది. దగ్గు, తుమ్ములు, అన్నం చూస్తే విముఖం. నలుగు ఎక్కువ, నూనె తక్కువ, పగలు నిద్ర బంద్, వేపపువ్వు చారు, తేనె, గంటెల (సజ్జల) రొట్టె, మినప పిండివంటలకి సెలవు. కఫం వెళ్లగొట్టడానికి వమనం రాశారు గానీ అది వైద్యుడి దగ్గర చేయించుకునేది, ఇంట్లో ఉప్పునీళ్లు తాగి చేసే పని కాదు.

వేసవి గురించి మనవాళ్లకి చెప్పేదేముంది, చోడి (రాగి) అంబలి ఉండగా. చోడిపిండి రాత్రి నీళ్లలో కలిపి ఉంచడం, పొద్దున్న నూకలు ఉడుకుతుండగా ఆ పిండినీళ్లు పోసి ఉండలు కట్టకుండా కలియబెట్టడం, చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ. నేను చెప్పే మార్పు ఒక్కటే: ఒక్క రాత్రికి మించి పులియనివ్వకండి. గ్రీష్మంలో పులుపు, ఉప్పు, కారం తగ్గించమన్నారు. ముంజలు, పేలపిండి, పాలు, నెయ్యి. గానుగ కూడా ఐదింటికి మొదలెట్టి పదికి ఆపేస్తాం.

కరక్కాయ సంగతి అడిగేవాళ్లుంటారు. సాలూరు వైపు కొండల నుంచి వచ్చే కాయలు బాగుంటాయి, గింజ తీసి బెరడు దంచుకోవాలి. పావుచెంచా పొడి, వానల్లో సైంధవలవణంతో, శరత్తులో పంచదారతో, హేమంతంలో శొంఠితో, శిశిరంలో పిప్పలితో, వసంతంలో తేనెతో, గ్రీష్మంలో బెల్లంతో. గర్భిణులు, బాగా చిక్కినవాళ్లు, ఉపవాసం ఉన్నవాళ్లు, పిత్తం పెరిగినవాళ్లు తీసుకోకూడదు.

మా అప్పని, అంటే అక్కని, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి దగ్గర ఇచ్చారు. బావకి నాలుగేళ్ల కిందట రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని, అంటే కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యడం లేదని తేలింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ జబ్బు లేని వీధి కనబడదు, పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ పెట్టిందీ అందుకే. ఆయన్ని చూశాక నా మాటతీరు మారింది. కిడ్నీ, బీపీ ఉన్నవాళ్లకి సైంధవలవణం కూడా ఉప్పే. వేసవిలో అందరికీ చలవ చేసే కొబ్బరిబోండంలో పొటాషియం ఎక్కువ, బావకి డాక్టరు వద్దన్నారు, కొబ్బరితోటలో ఉంటూ బోండం ముట్టని మనిషాయన. భస్మాలు, పేరులేని పొట్లాలు, ఎవరో ఇచ్చిన చూర్ణాలు అసలే వద్దు. తలకీ అరికాళ్లకీ నూనె రాసుకోవడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. నెలకో సీసా పంపుతాను.

చివరిది ఋతుసంధి. వెళ్లే ఋతువులో ఆఖరి ఏడు రోజులు, వచ్చే ఋతువులో మొదటి ఏడు రోజులు, మొత్తం 14. జబ్బులన్నీ ఆ గుమ్మంలోనే కాసుక్కూచుంటాయి. పాత అలవాటుని ఒక్కరోజులో కోసెయ్యకూడదు, పావు వంతు చొప్పున వదులుతూ కొత్తది పావు వంతు చొప్పున పట్టుకోవాలి. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుళ్లో మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ, రోజు అటూ ఇటుగా, పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, నాకు ఆ రెండూ గంట కొట్టినట్టు. ఆ వార్త పేపర్లో కనబడగానే ఆకాశం కేసి చూసి, కొట్లో క్యాలెండరు మీద పెన్సిలుతో నాలుగు గీతలు పెడతాను, మూడున్నర రోజులకొకటి. ఒక్కో గీతకి నూనెలో పావు వంతు తగ్గుతుంది, ఉలవకట్టు బదులు పెసరకట్టు ఒక పూట పెరుగుతుంది. నడుమ మళ్లీ ముసురు పడితే గీతలు చెరిపేసి మొదటికొస్తాను. పోయినేడాది రెండుసార్లు చెరిపాను.

ఇప్పుడు మూడో గీత మీదున్నాను. నూనెగిన్నెలో ఒక చెంచా మిగిలింది, తలకీ అరికాళ్లకీ సరిపోతుంది. పొద్దున్న ఒకాయన ఐదు కిలోల డబ్బా పట్టుకుని వచ్చాడు. వంటకా ఒంటికా అని అడిగాను. ఒంటికే అన్నాడు. కిలో ఇచ్చి, చలి పడ్డాక మిగతాదానికి రమ్మన్నాను. మా ఆవిడ గల్లాపెట్టె దగ్గర్నుంచి తలెత్తి చూసింది, ఏమీ అనలేదు.